జీవన్ కుమార్ మాటకు పోయిన ప్రాణం

నంద్యాలలో ఒక మాట చెప్పుకుంటారు. శ్రీనివాస సెంటర్ దగ్గర కళ్లద్దాల షాపు పెట్టుకున్న జీవన్ కుమార్ ఒక నవల మీద నాలుగు ముక్కలు రాశాడట. ఆ నవల రాసినాయన ఆళ్లగడ్డలో రాళ్ల మీద పేర్లు చెక్కే ఓబులేసు. ఫోనులో ఆ నాలుగు ముక్కలు చదువుకొని, చేతిలో ఉలి కిందపెట్టి, మంచినీళ్లు అడిగి, నీళ్లు వచ్చేలోపల ప్రాణం వదిలాడట. ఉలి చేతిలోనే ఉందని కొందరంటారు. బస్టాండు ముందర టీ కొట్టాయన మాత్రం, నీళ్లు తాగిన తరువాతే పోయాడని పక్కనే నిలబడి చూసినట్టు చెబుతాడు.

నేను ఆ షాపులోనే పని చేస్తాను. మాది ఆళ్లగడ్డ. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయాక పొద్దున బస్సుకు నంద్యాల వచ్చి, ఫ్రేములు తుడిచి, కళ్ల పరీక్షకు వచ్చినవాళ్లను వరుసగా కూర్చోబెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్తుంటాను. ఓబులేసు మామ ఇల్లు మా వీధిలోనే. ఈ కథ చెప్పుకునేవాళ్లలో ఒక్కరైనా నన్ను ఏమీ అడగలేదు. ఫ్రేములు తుడిచే పిల్లను అడిగితే కథ పాడవుతుందని భయమేమో.

జీవన్ కుమార్ సార్ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. చేతికి గడియారం కట్టుకునేవాళ్లు తగ్గిపోయాక కొడుకును కర్నూలు పంపి అద్దాలు సానబట్టే పని నేర్పించాడు. ఆ పని సార్‌కు బాగా వచ్చు. ఆయన బిగించిన అద్దం జారిపడింది అని ఎవరూ తిరిగి రాలేదు. అంతటితో ఉంటే పోయేది. ఒకసారి గ్రంథాలయ వారోత్సవాలకు రావలసిన వక్త రాలేదు. కుర్చీ ఖాళీగా కనబడితే బాగుండదని, ముందు వరుసలో తెల్లచొక్కా తొడుక్కొని కూర్చున్న సార్‌ను వేదిక ఎక్కించారు. ఏం మాట్లాడాలో ఆయనకు తెలియలేదు. తెలియని మనిషికి తిట్టడం సులువు. ఎదురుగా బల్లమీద ఉన్న కవితల పుస్తకాన్ని పట్టుకొని తిట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ పూట పొగిడినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. తిట్టిన మనిషి పేరు మర్నాటికి ఊరంతా పాకింది. అప్పటినుంచి ఆయన మెచ్చుకున్న పుస్తకం నేను చూడలేదు.

ఆయన పుస్తకం చదివే తీరు చూడాల్సిందే. ముందు అట్ట చూస్తాడు. వెనక అట్టమీద నాలుగు వాక్యాలు చూస్తాడు. తరువాత బొటనవేలు మధ్యలో పెట్టి తెరిచి, అద్దం పవర్ చూసినట్టు ఒక కన్ను మూసి, చేతులు చాచి దూరంగా పట్టుకొని ఒక పేరా చూస్తాడు. పెదవి విరుస్తాడు. అయిపోయింది.

"పుస్తకానికి నాడి ఉంటాది, శ్రావణీ. నాడి దొరికితే చాలు. మనిషినంతా కోసి చూస్తారా ఏంది?" అంటాడు నాతో. నేను తల ఊపుతాను. నెల జీతం ఇచ్చే మనిషి ఏం చెప్పినా తల దానంతట అదే ఊగుతుంది.

అక్షర చెలిమి అని ఆయన ఒక వాట్సప్ గ్రూపు నడుపుతాడు. ఆదివారం పొద్దున ఆ గ్రూపువాళ్లు మా షాపులోనే కలుస్తారు. కళ్ల పరీక్షకు వేసిన కుర్చీలుంటాయి, ఫ్యాను ఉంటుంది, టీ నేను తెస్తాను. వచ్చేవాళ్లలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు గాయత్రి మేడమ్. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతారు. ఆవిడ నోటినుంచి వచ్చే ప్రతి మాటకూ పట్టుచీర కట్టినట్టుంటుంది. రెండోవాడు మహేంద్ర. ఇన్సూరెన్స్ పాలసీలు కట్టిస్తాడు. ఎవరితో మాట్లాడినా వాళ్ల వయసు ఎంత, పిల్లలెంతమంది అని కళ్లతోనే లెక్కవేస్తుంటాడు.

ఓబులేసు మామ మొదట ఆళ్లగడ్డలో శిల్పాలు చేసే ఆచార్ల దగ్గర రాళ్లు మోసే పనికి చేరాడు. విగ్రహాలు చెక్కడం ఆయనకు రాలేదు. అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు కడప రోడ్డు మీద చిన్న పందిరి వేసుకొని శంకుస్థాపన పలకలు, సమాధి పలకలు, గుడికి విరాళమిచ్చినవాళ్ల పేర్లు చెక్కుతుంటాడు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు రాతిపొడి దులుపుకొని పుస్తకం చదువుతాడు. ఆకాశంలోని గ్రహాల గురించి అయితే మరీ ఇష్టం. అలా చదివి చదివి తానే ఒక నవల రాశాడు. పేరు 'శనివలయంలో శవం'.

కథ నాకు ఆయన నోటే తెలుసు. పెద్ద ఓడ ఒకటి శని చుట్టూ ఉండే వలయాల్లో పోతుంటుంది. ఏడు గ్రహాల రాజ్యాల తరఫున దూతలు అందులో ఉంటారు, వాళ్లకు గాలి అందించే మిషను నడిపే ముసలోడూ ఉంటాడు. వంద ఏళ్లుగా కొట్టుకు చచ్చిన రాజ్యాలు రాజీకి వస్తున్నాయి. సంతకాలు పెట్టే రోజు ఓడ కెప్టెన్ తన గదిలో చచ్చిపడి ఉంటాడు. గది లోపలినుంచి గడియ వేసి ఉంటుంది. ఒంటిమీద గాయం ఉండదు. హంతకుడు దొరక్కపోతే ఏడు రాజ్యాలూ మళ్లీ యుద్ధానికి దిగుతాయి. ఇదీ కథ. మామ చెబుతుంటే పందిరి కింద కూర్చున్న నాకు రోడ్డు మీద లారీల మోత వినబడేది కాదు.

నంద్యాలలో ఒక ప్రెస్సులో దాన్ని అచ్చు వేయించాడు. పుస్తకాలు ఇంటికి చేరిన రోజే కొన్ని నా చేతికిచ్చి అక్షర చెలిమి వాళ్లకు ఇమ్మన్నాడు. నేను తెచ్చి ఇచ్చాను. మర్నాడు మామ తీరికగా తన పుస్తకం తానే చదువుకుంటూ చివరికొచ్చి ఆగిపోయాడు. ఆఖరి పేజీలో వాక్యం ఇలా ఉంది: "తలుపు తెరిచారు. లోపల చేతులు కట్టుకొని కూర్చున్న మనిషిని చూసి అందరూ". అంతే. ఆ తరువాత అట్ట.

ప్రెస్సు ఆయన తాపీగా చెప్పాడు. చివరి పదహారు పేజీల ఫారం బైండింగులో కలపడం మరిచిపోయారట. అచ్చయిన కాగితాలు మాత్రం కట్టగట్టి మూలన ఉన్నాయట. కావలిస్తే పట్టుకుపొమ్మన్నాడు. మామ ఆ కట్టలను బస్సులో వేసుకొని తెచ్చుకున్నాడు. హంతకుడు ఎవరో చెప్పే పేజీలన్నీ గోనెసంచిలో మిగిలాయి. పుస్తకాలు నంద్యాలకు చేరాయి.

"నేను పోయి చెప్తాలే మామా. ఈ పేజీలు కూడా ఇచ్చేస్తా," అన్నాను.

"వద్దు పాపా. ఉండు," అన్నాడు ఆయన. "హత్య కథ ఇది. ఎవురు సంపినారో తెలీకుండా ఎవురన్నా గమ్మునుంటారా? చదివినోళ్లు వాళ్లే అడుగుతారు. అడిగినోళ్లకు ఇద్దాం."

"అడగకుంటే?"

"ఒక్కరడిగినా సాలు. నా మతిలో ఇంకో నవలుండాది. ఒక్కరన్నా వచ్చి చివరి పేజీలు యాడ్నప్పా అని అడిగితే అది మొదలుపెడతా. ఎవురూ అడగకుంటే దానర్థం ఎవురూ చదవల్యా అనే కదా. నాకెందుకు ఆ పీడ? సుత్తి పట్టుకొని నా పని నేను సేసుకుంటా."

రామేశ్వరమ్మత్త, ఆయన భార్య, బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది: "ఎవురూ అడగకూడదని యల్లమ్మకు మొక్కుకుంటా. ఇంట్లో కాగితాలు పెరిగి మనుషులు పడుకునే తావు లేకపాయ."

పేజీలు అడుగుతారని మామ ఎదురుచూశాడు. వచ్చినవి అభిప్రాయాలు.

ముందు జీవన్ కుమార్ సార్ రాశాడు. పుస్తకం మధ్యలో బొటనవేలు పెట్టి తెరవడం నేను చూశాను. టీ చల్లారేలోపల అభిప్రాయం సిద్ధమైంది. "రాళ్లు చెక్కే చేత్తో నవలలు చెక్కకూడదు. హంతకుడు ఎవరో మొదట్లోనే తెలిసిపోయింది. ముగింపు మరీ నాసిరకం. ఈ రచయిత ఇక రాయకపోవడమే ఆయన సాహిత్యానికి చేసే సేవ." ఇది గ్రూపులో పెట్టి, ఎవరెవరు చూశారో అని సాయంత్రం దాకా ఫోను వదల్లేదు. పుస్తకాన్ని మాత్రం అద్దాలు సానబట్టే మిషను ఒకపక్కకు ఒరుగుతోందని దాని కాలికింద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

తరువాత గాయత్రి మేడమ్ రాశారు: "ముగింపులో రచయిత తొందరపడ్డారు. ఇంకొంత విస్తరించి ఉండవలసింది." మహేంద్ర రాశాడు: "ఓడలో అంతమంది ఉన్నారు, ఒక్కడూ బీడీ కాల్చడు. సహజంగా లేదు. ఎండింగ్ ఓకే." ఇంకొకాయన ఆకాశంలో కూడా మన ఫ్యాక్షన్ గొడవలే పెట్టాడని విసుక్కున్నాడు. ఇంకొకరికి పేర్లు నోరు తిరగలేదు. ఎవరో బొమ్మ బాగుందన్నారు. అట్టమీద బొమ్మే లేదు, నల్లరంగు మీద తెల్లచుక్కలు మాత్రమే ఉన్నాయి. అందరికీ ముగింపు మీద ఒక మాట ఉంది. లేని ముగింపును ఒకరు సాగదీయమన్నారు, ఒకరు కుదించమన్నారు.

వాళ్లు పుస్తకం చదవలేదని నాకు కోపం రాలేదు. ప్రపంచంలో చాలామంది చాలా పుస్తకాలు చదవరు, వాళ్లకు తిండి అరగదా ఏమి. చదవకుండా ఇంత పొడుగు మాట్లాడేందుకు వీళ్లకు ఊపిరి ఎక్కడినుంచి వస్తుందో అని చూస్తుండేదాన్ని.

సాయంత్రం పందిరి దగ్గర అవన్నీ మామకు చదివి వినిపించాను. సార్ రాసింది చదువుతుంటే గొంతు తగ్గింది.

"గట్టిగా సదువు పాపా, లారీ పోతాంది," అన్నాడు మామ. అంతా విని, "ముగింపు నాసిరకమా? యా ముగింపప్పా అది? నాకూ చూపిస్తే బాగుంటాది," అని నవ్వాడు. ఆ నవ్వు తొందరగానే అయిపోయింది. "ఇంకా దినాలుండాయిలే. నిదానంగా సదివేటోళ్లు ఉంటారు."

ఆయన చచ్చిపోయాడన్న మాట ఎలా పుట్టిందో ఇప్పుడు చెప్పాలి. సమాధి పలకలు చెక్కేవాళ్లు పందిరి ముందర ఒక మచ్చు రాయి నిలబెడతారు. అక్షరాలు ఎట్లా వస్తాయో చూసి జనం పని ఇస్తారు. ఆ రాయి మీద కీర్తిశేషులు అని మొదలుపెట్టి ఏదో ఒక పేరు చెక్కాలి కదా. బతికున్నవాళ్ల పేరు పెడితే తన్నడానికి వస్తారు. చచ్చిపోయినవాళ్ల పేరు పెడితే వాళ్ల కొడుకులు వస్తారు. అందుకని ఓబులేసు మామ తన పేరే చెక్కుకుంటాడు. పని నేర్పిన ముసలాయన కూడా అట్లే చేసేవాడట. తన పేరు తానే చెక్కుకుంటే చావు వచ్చి చూసి, ఈయన పని అయిపోయిందనుకొని ముందుకు పోతుందని చెప్పేవాడట. పాత తేదీలు ఉంటే రాయి పాతదనుకుంటారని మామ ఏటా కొత్త పలక చెక్కి కొత్త తేదీ వేస్తాడు. మా ఊళ్లో ఆ రాయిని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. చిన్నపిల్లలు కూడా దానికి ఆనుకొని గోళీలాడుతారు.

మహేంద్ర ఒకరోజు ఏదో పాలసీ పనిమీద బస్సులో ఆళ్లగడ్డ మీదుగా పోతూ కిటికీలోనుంచి ఆ రాయి చూశాడు. కీ.శే. ఓబులేసు. మరణం తేదీ పోయిన నెలది. బస్సు దిగి కనుక్కోలేదు. ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. "మన రచయిత ఇక లేరు. పాలసీ కూడా లేదు."

ఆ పూట గ్రూపులో దండం పెట్టే చేతుల బొమ్మలు తప్ప ఇంకేమీ లేవు. తరువాత గాయత్రి మేడమ్ రాశారు: "శనివలయంలో శవం ముగింపు నా గుండెను పిండేసింది. మృత్యువును ఆయన ముందే దర్శించారు." ఫ్యాక్షన్ అని విసుక్కున్నాయన, రాయలసీమ గుండెచప్పుడు శనిగ్రహం దాకా వినిపించాడన్నాడు. ఒక రాయి మీద నాలుగు అక్షరాలు చూసి అంతా మంచి పాఠకులైపోయారు. ఇంతలో ఎవరో తేదీలు కలిపి చూశారు. సార్ అభిప్రాయం పెట్టిన రోజు, రాయి మీది రోజు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అంతే, ఉలి, మంచినీళ్లు, అన్నీ పుట్టుకొచ్చాయి.

మొదటి రోజు సార్ భయపడ్డాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఒక ముసలమ్మ ఫ్రేములో అద్దం బిగిస్తుంటే, ఎప్పుడూ లేనిది, స్క్రూ చేజారి కిందపడింది. ఇద్దరం వంగి వెతికాము.

"సార్," అన్నాను బల్లకిందినుంచే. మొహం కనబడకపోతే నాకు మాట వస్తుంది. "ఆయన బతికే ఉన్నాడు సార్. పొద్దున బస్టాండులో చూసినా."

"ఎవురు?"

"ఓబులేసు మామ."

"మీ ఊరి పక్కనే అహోబిలం. ఆ స్వామి పేరు పెట్టుకున్న ఓబులేసులు తక్కువా మీకు? నువ్వు చూసింది ఇంకో ఓబులేసులే. స్క్రూ యాడుందో చూడు."

రెండో రోజు నుంచి భయం తగ్గింది. షాపుకు వచ్చినవాళ్లు ఆయనను కొత్తగా చూస్తున్నారు. ఎదురు షాపు ఆయన, "నీతో మాట్లాడాలంటే భయం గదన్నా, ఒక్క మాటకు మనిషి పోయినాడంట," అన్నాడు. సార్ నిట్టూర్చాడు. "అంత కటువుగా రాసుండకూడదు నేను. కానీ ఏం చేస్తాం? పెన్ను పట్టుకుంటే నా చేయి నా మాట వినదు," అన్నాడు. నిట్టూర్పు చివర పెదవి మూలన నవ్వు కనబడింది. ఒక మనిషి చావును ఆయన కొత్త చొక్కాలాగా తొడుక్కున్నాడు. బాగా నప్పింది కూడా. ఇంకోసారి కూడా చెప్పి చూసి, మూడోసారి నేను చెప్పడం మానేశాను. బతికున్నాడంటే వినే చెవి ఆ షాపులో లేదు.

ఆదివారం సంతాప సభ పెట్టారు. ఆ సంగతి చెబితే మామ, "నేనూ వస్తా," అన్నాడు.

"నీ దినానికి నువ్వే పోతావా? సిగ్గుండల్లా మనిషికి," అంది రామేశ్వరమ్మత్త.

"ఇంతమంది ఒకతావ కూడి నా పుస్తకం గురించి మాట్లాడతారంట. అందులో ఒక్కరన్నా చదివినోళ్లు ఉండరా? సచ్చినాక వినలేను గదా. ఇప్పుడే వినొస్తా."

"అన్నమన్నా పెడతారంట్నా ఆడ?"

"టీ ఇస్తారు," అన్నాను నేను.

ఉతికిన చొక్కా వేసుకొని వచ్చి, కళ్ల పరీక్షకు వచ్చినవాళ్ల మధ్య వెనక కుర్చీలో కూర్చున్నాడు. రచయిత ఫొటో ఎవరి దగ్గరా లేదు. మిషను కాలికింది పుస్తకాన్ని తీసి, అద్దాల పొడి తుడిచి, బల్లమీద నిలబెట్టి దండవేశారు. మిషను మళ్లీ ఒరిగింది.

గాయత్రి మేడమ్ మాట్లాడుతూ కళ్లు తుడుచుకున్నారు. "ఆ ఆఖరి వాక్యం! దాని తరువాత ఇంకేమీ చెప్పనవసరం లేదనిపించింది నాకు." పాపం, తెలియకుండానే నిజం చెప్పారు. మహేంద్ర లేచి, ఓబులేసు తనకు అన్నలాంటివాడని, ఎన్నోసార్లు కలిసి టీ తాగామని, ఆయనకు నలభై ఏళ్లప్పుడే పాలసీ కట్టి ఉంటే ఈరోజు కుటుంబం ఎలా ఉండేదో ఆలోచించమని అందరినీ అడిగాడు. ఇద్దరు నిజంగానే ఆలోచించారు. చివర సార్ లేచాడు. తన కలం కత్తి అన్నాడు. కత్తికి జాలి ఉండదన్నాడు. కానీ కత్తికి కూడా ఒక్కోసారి కన్నీరు వస్తుందన్నాడు. చప్పట్లు కొట్టాలా వద్దా తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నాడు సార్.

మామ లేచాడు. "నేనొక మాట అడుగుతానప్పా. చివరికి ఆ కెప్టెన్‌ను సంపింది ఎవురు?"

అందరూ గాయత్రి మేడమ్ వైపు తిరిగారు.

"అది చెబితే చదవబోయేవారికి రసభంగం కదండీ," అన్నారు గాయత్రి మేడమ్.

"చదవబోయేటోళ్లు లేకపోతే నష్టం లేదులేమ్మా. చెప్పు."

మహేంద్రకు సభ నడవడం ముఖ్యం. "కెప్టెనే," అన్నాడు.

"కెప్టెనే గదప్పా సచ్చింది."

కళ్ల పరీక్షకు వచ్చిన ఒక ముసలాయన పకపకా నవ్వాడు. సార్ మొహం ఎర్రబడింది. "మీరెవరు? యా ఊరు?"

"ఆళ్లగడ్డ. ఓబులేసు. అది రాసింది నేనే."

వాళ్లు సిగ్గుపడతారని అనుకున్నాను. నాకింకా మనుషులు తెలియరు. వాళ్లకు కోపం వచ్చింది. "ఇంత మోసమా? నా కన్నీళ్లకు విలువ లేదా?" అన్నారు గాయత్రి మేడమ్. మహేంద్ర ఫోను తీసి ఫొటో మామ మొహం ముందు పెట్టాడు. "రాయి మీద రాసుండాదే! బతికున్నోడు ఎవుడన్నా అట్ల రాసుకుంటాడా?"

"అది మచ్చు రాయప్పా."

"మచ్చు అని యాడన్నా రాసినావా మరి?"

బతికున్నందుకు ఆయన చేత క్షమాపణ చెప్పించుకునేదాకా పోయేట్టున్నారు. సార్ ఒక్కడే పుస్తకం మీది దండ వైపు చూస్తూ నిలబడ్డాడు. మామ అందరికీ దండం పెట్టి బయటికి వచ్చాడు. టీ కూడా తాగలేదు.

తిరుగు బస్సు శిరివెళ్ల దాటింది. మామ నా వైపు తిరిగి, "అయిపాయ పాపా. ఒక్కరూ చదవల్యా," అన్నాడు. "ఆ గోనెసంచి మీ అత్తకు ఇస్తా. నీళ్లు కాచుకుంటాది."

సోమవారం నుంచి గ్రూపులో అభిప్రాయాలు మళ్లీ మొదటికొచ్చాయి. ముగింపు మళ్లీ నాసిరకమైంది. గాయత్రి మేడమ్ గుండెను పిండిన మాటలు తుడిచేశారు. మహేంద్ర, రచయితలకు వినయం ఉండాలని రాశాడు. ఊళ్లో కథ మాత్రం మారలేదు. ఓబులేసు చచ్చిపోయాడన్నదే ఎక్కువమందికి నచ్చింది. చూసి వచ్చినవాళ్లు కూడా అట్లాగే చెప్పుకున్నారు.

సార్ మంగళవారం దండ తీసి చెత్తబుట్టలో వేసి, పుస్తకాన్ని బల్లమీద పెట్టుకొని, తన చదువుకునే అద్దాలు తగిలించుకున్నాడు. ఆయనకు చదువుకునే అద్దాలు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. హంతకుడి పేరు కనిపెట్టి గ్రూపులో పెట్టి, పోయిన పరువు తెచ్చుకోవాలన్నది ఆయన ఆలోచన. ఇంకే గొప్ప ఆలోచనా ఆ తలలో లేదు. మొదటి పేజీలు పళ్లు నూరుకుంటూ చదివాడు. పెదవులు కదిలేవి. గిరాకీ వస్తే వేలు పేజీలో పెట్టుకొనే మాట్లాడేవాడు. ఒక పూట గాజు సానబడుతూ ఆపి, "గడియ లోపలినుంచే ఏసుండాది గదా. మరెట్లా?" అన్నాడు. నాతో కాదు, మిషనుతో.

శుక్రవారం మధ్యాహ్నం చివరికొచ్చాడు. పేజీ తిప్పాడు. అట్ట వచ్చింది. వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు. అట్టను వెలుతురుకు పట్టి చూశాడు. పుస్తకాన్ని తిరగేసి దులిపాడు, ఏమన్నా రాలుతుందేమో అని. తరువాత గాయత్రి మేడమ్‌కు ఫోను చేశాడు.

"మేడమ్, మీ పుస్తకంలో ఆఖరి వాక్యం ఏముంది?... సదివినారు గదా, గుండె పిండేసింది అన్నారు గదా... పోనీ ఇప్పుడు సూసి చెప్పండి... యాడ పెట్టినారో తెలీదా?"

ఫోను పెట్టేసి చాలాసేపు నా వైపు చూశాడు. చూస్తున్నట్టు ఆయనకే తెలియదనుకుంటాను.

"శ్రావణీ, మీ ఊరికి బస్సు ఎన్నింటికి?"

షాపు షట్టరు పగలే దించి నాతోపాటు బస్సెక్కాడు. పందిరి దగ్గర దిగి, మచ్చు రాయిని ఒక పక్కనుంచి చూసి, దానికి తగలకుండా నడిచాడు. మామ ఎవరిదో గుడి పలక మీద పేర్లు చెక్కుతున్నాడు.

"ఏమయ్యా, పుస్తకమంటే ఇట్లనేనా?" అన్నాడు సార్, నమస్కారం కూడా లేకుండా. "తలుపు తెరిచి లోపల ఎవురుండారో చెప్పకుండా ఎత్తేస్తావా? పద్ధతుండల్లా. చివరి పేజీలు యాడ?"

మామ సుత్తి ఆపాడు. చేతిలోని పొడి తుడుచుకోకుండానే, "ఏమేయ్, ఆ సంచి కాల్చినావా?" అని ఇంటివైపు అరిచాడు.

"తడిసుండాది, మండల్యా!" అని లోపలినుంచి రామేశ్వరమ్మత్త కేక.

గోనెసంచిలో పైకాగితాలు చెమ్మ పట్టాయి. మామ అడుగునుంచి ఒక జత తీసి మడిచి ఇచ్చాడు. సార్ అక్కడే, చెక్కని ఒక రాతిమొద్దు మీద కూర్చొని, అద్దాలు తగిలించుకొని చదివాడు. మామ మళ్లీ సుత్తి ఎత్తలేదు. సార్ పెదవులు కదలడం చూస్తూ నిలబడ్డాడు. ఒకచోట పెదవులు ఆగిపోయాయి.

"అరెరే, గాలిమిషను ముసలోడా!" అన్నాడు సార్. "బయటనుంచి గాలి ఆపేసినాడా!"

వెంటనే మొహం సర్దుకున్నాడు. "నేను అనుకుంటానే ఉండా. కొత్తేం కాదు. అయినా ఆ దూత పాత్ర అంత పొడుగు అవసరం లేదు. వచ్చేదాంట్లో తగ్గించు," అన్నాడు. క్షమాపణ లేదు, మంచిమాట లేదు. పేజీలు చొక్కా జేబులో పెట్టుకొని నంద్యాల బస్సెక్కాడు. ఇంటికి పోయి, గ్రూపులో ముగింపు ఫరవాలేదు అని రాశాడు. అంతకంటే మంచిమాట ఆయన చేత ఇంతవరకు ఏ పుస్తకమూ రాయించుకోలేదు.

నంద్యాలలో ఇప్పటికీ జీవన్ కుమార్ మాటకు ఓబులేసు చచ్చిపోయాడనే చెప్పుకుంటారు. ఓబులేసు మామ ఇప్పుడు రెండో నవల రాస్తున్నాడు. మొదటిదాని మీద అభిప్రాయం చెప్పిన అంతమందిలో, చివరి పేజీలు కావాలని ఆళ్లగడ్డకు వచ్చి అడిగింది జీవన్ కుమార్ ఒక్కడే.